చదవకుండా పెట్టిన సంతకం

ఆ పుస్తకాన్ని మొదట పట్టుకున్నది కల్పన కాదు, ఆమె తమ్ముడు మహిపాల్.

ఆదివారం పూట సిరిసిల్ల నుంచి కోరుట్లకు బండి మీద రావడం అతనికి అలవాటు. వస్తూ వస్తూ అక్కకు కోడికూర, మేనకోడలు భాగ్యశ్రీకి ఏదో ఒక తినుబండారం తెస్తాడు. కల్పన భర్త దేవేందర్ మస్కట్‌లో పనిచేస్తాడు. రెండేళ్లకోసారి వచ్చి, నెలరోజులుండి పోతాడు. అందుకని ఆ ఇంటికి మగదిక్కంటే మహిపాలే. అక్కడ సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపించే ఆసామి అయినా, ఇక్కడ బ్యాంకు పని, గ్యాసు, బడిలో ఫీజులు, సంతకాలు అన్నీ అతనే చూసేవాడు. "తమ్ముడంటే గట్లుండాలె కల్పనా" అని వాడకట్టు ఆడవాళ్లు అంటుంటే, బీడీలు చుట్టే కల్పన చేతులు ఇంకాస్త చురుగ్గా కదిలేవి.

ఆ రోజు ఏదో ఫోన్ నంబరు రాసుకోవాలని, పెన్ను కోసం అతను భాగ్యశ్రీ బడిసంచి తెరిచాడు. పెన్నుకు బదులు సన్నటి పుస్తకం చేతికి తగిలింది. 'గుమ్మి చాటు పిల్ల'. అట్ట మీద వడ్లు నిలవచేసే వెదురు గుమ్మి, దాని వెనక నుంచి తొంగి చూస్తున్న రెండు కళ్లు.

మొదట నవ్వాడు. "ఏందే కోడలా, కథలు చదువుతున్నవా? తొమ్మిదో తరగతి గట్టెక్కేది లేదా?" అంటూ గడప మీద కూర్చుని పేజీలు తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. తర్వాత మళ్లీ మొదటి పేజీకి వచ్చి చదవడం మొదలుపెట్టాడు. పక్కన పెట్టిన చాయ మీద మీగడ కట్టింది. వంటింటి తలుపు పట్టుకుని నిలబడిన భాగ్యశ్రీ అక్కణ్నుంచి కదల్లేదు.

"ఎవలిచ్చిండ్రే ఇది?" గొంతు పెంచలేదు, మెల్లగానే అడిగాడు.

"సంగీత మేడం. బళ్లె అందరికిచ్చింది."

"మొత్తం చదివినవా?"

పిల్ల తలుపు చాటుకు జరిగింది. అతను కాసేపు ఆమె వైపే చూసి, ఫోన్ తీసి కొన్ని పేజీలు ఫొటోలు తీసుకున్నాడు. పుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు. పొయ్యి మీద కూర ఉడుకుతూనే ఉంది. తమ్ముడు ఆ ఇంట్లో అన్నం తినకుండా వెళ్లడం కల్పన ఎన్నడూ ఎరగదు.

"గంత కోపం అచ్చేటిది ఏమున్నదే అండ్ల?" అని బిడ్డను అడిగింది.

"ఒక మేనమామ కథ అమ్మా" అని భాగ్యశ్రీ లోపలికి వెళ్లిపోయింది.

రెండు రోజులు తిరక్కుండానే ఆ పుస్తకంలోని అర పేజీ కోరుట్లలో సగం మంది ఫోన్లలోకి చేరింది. చుట్టూ ఎర్ర గీత, పైన పెద్ద అక్షరాలతో 'మన ఆడపిల్లలకు బడిలో నేర్పేది ఇదేనా?' అని ప్రశ్న. ఆ అర పేజీలో ఒక పిల్ల అంటుంది, మామ ఆటకు చెయ్యేసినా తనకది ఆటలా లేదని. ముందు ఏం జరిగిందో లేదు, తర్వాత ఏమైందో లేదు. పంపినవాళ్లలో చాలామంది ఆ అర పేజీ కూడా పూర్తిగా చదవలేదు. పై ప్రశ్న చాలింది.

మేనకోడలిని మేనమామ ఆటపట్టించడం మన ఇళ్లలో ఉన్నదే. 'నా పెండ్లామా' అని పిలిస్తే పిల్ల ఉడుక్కుంటుంది, పెద్దలు నవ్వుతారు. పుట్టువెంట్రుకలు తీయించాలన్నా, చెవులు కుట్టించాలన్నా ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేనమామే. అలాంటి మనిషి మీద రాతలా అని వాడకట్టు వాడకట్టంతా మండిపడింది.

ఆటో నడిపే సత్తయ్య కల్పన ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు. అతని కూతురు రాధ కూడా భాగ్యశ్రీ తరగతే. చెడ్డవాడు కాదు సత్తయ్య. వాడలో ఏ పిల్లకు జ్వరమొచ్చినా అర్ధరూపాయి అడగకుండా దవాఖానకు తీసుకుపోయే మనిషి. ఆ రోజు మాత్రం కూర్చోమన్నా కూర్చోలేదు.

"చెల్లె, నేను మా అక్క పిల్లల్ని ఎత్తుకొని పెంచిన. రేపు గా పిల్లలు నన్ను జూసి ఏమనుకోవాలె? గీ పుస్తకం చదివితే ఇంట్ల ఉన్న ప్రతి మొగోన్ని దొంగను జూసినట్టు జూస్తరు."

కల్పనకు అతని మాటలో తప్పేమీ కనబడలేదు.

సాయంత్రం మహిపాల్ ఒక కాగితంతో వచ్చాడు. పుస్తకాన్నీ, అలాంటి పుస్తకాలన్నింటినీ బడిలోంచి తీసేయాలని, ఇచ్చిన టీచర్ మీద చర్య తీసుకోవాలని అందులో టైపు చేసి ఉంది. కింద ఖాళీ గీత. "పుస్తకం దొరికింది నీ బిడ్డ సంచిల గదా అక్కా. తల్లి సంతకం ముందుగాల ఉంటేనే బరువుంటది."

మస్కట్ నుంచి దేవేందర్ కూడా ఫోన్ చేశాడు. "మహిపాల్ అంత చెప్పిండు. ఇజ్జత్ ముచ్చట. పెట్టెయ్యి సంతకం."

కల్పన ఏడో తరగతి దాకా చదివింది. పొందిగ్గా, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. తలెత్తి చూస్తే భాగ్యశ్రీ అన్నం కంచం ముందు పెట్టుకుని తన చేతి వైపే చూస్తోంది. ఆ రోజు నుంచి పిల్ల తల్లితో మాట్లాడ్డం తగ్గించింది. అడిగితే ఊఁ, లేదంటే ఉహూఁ.

బడిలో పుస్తకాల బీరువా ముందు బడి కమిటీ వాళ్లు వచ్చి నిలబడ్డారట. వెతికింది ఒక్క పుస్తకం కోసమే అయినా, తాళం తీశాక చెయ్యి ఆగలేదు. ఆడపిల్లలకు నెలనెలా వచ్చేదాని గురించి బొమ్మలతో చెప్పిన పుస్తకం తీశారు. తండ్రి తాగుడు గురించి ఒక పిల్లవాడు చెప్పుకున్న కథ తీశారు. కులం కాని స్నేహితుడి ఇంట్లో అన్నం తిన్న పిల్ల కథ కూడా తీశారు. హెడ్మాస్టర్ రాజమల్లు సార్ వాటిని ఎరువుల సంచిలో వేయించి తన గదిలో పెట్టించాడు. మిగిలిన వాటికి తాళం వేశాడు. తెలుగు చెప్పే సంగీత మేడం మాత్రం తన దగ్గరున్న పుస్తకం ఇవ్వనందట. "అది నా సొంత పుస్తకం సార్. కావాల్నంటే బళ్లెకు తేనని రాసిస్త. కానీ చేతికియ్యను" అందట.

ఇదంతా కల్పనకు చెప్పింది సత్తయ్య భార్య సరోజన. చెప్పి, గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "మేడం బండి సీటు ఎవలో బ్లేడుతోటి కోసిండ్రట. ఇంటి ముంగట మాపటీలి ఎవలో కొత్త మొగోళ్లు నిలబడుతున్నరట. ఏమనరు, ఏం జేయరు. ఊకె నిలబడుతరట."

బడి చెడితే బుద్ధి చెప్పాలి గానీ ఆడమనిషి ఇంటి ముందు నిలబడ్డమేమిటి అనిపించింది కల్పనకు. తమ్ముడిని అడుగుదామనుకుంది, అడగలేదు. ఎందుకు అడగలేదో ఆమెకే తెలియదు.

ఆ మరునాడే మధ్యాహ్నం సంగీత మేడం వచ్చింది. కుట్టు వేసిన సీటున్న స్కూటీని వాకిట్లో ఆపి, చెప్పులు విడిచి, బీడీ ఆకుల ముందు చాప మీద కూర్చుంది. కల్పనకు ఏం మాట్లాడాలో తోచలేదు. నీళ్లిచ్చింది.

"మిమ్మల్ని నిలదీసెటందుకు రాలేదక్కా. ఒక్కటే అడుగుత. సంతకం పెట్టేముందు మీరు చదివిండ్రా?"

"లేదు మేడం. మా తమ్ముడు చదివిండు."

మేడం కొంగు చాటు నుంచి ఆ పుస్తకమే ఇంకొకటి తీసి ఆకుల చాటలో పెట్టింది. "చదువుండ్రి. చదివినంక గూడ తప్పనిపిస్తే నేనే అచ్చి మీ కాగితం మీద సంతకం పెడుత."

గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది. "మీ బిడ్డ గీ పుస్తకాన్ని మూడుసార్లు తీస్కపోయింది. మిగిలిన పిల్లలు ఒకసారి చదివి ఇచ్చిండ్రు. ఎందుకో అడుగుదామనుకున్న. గంతల్నే గీ లొల్లి అయింది."

స్కూటీ చప్పుడు వినబడకుండా పోయే వరకు కల్పన చాట వైపు చూడలేదు. తర్వాత గబగబా తునికాకులు తీసి పుస్తకం మీద కప్పేసింది. ఎవరైనా చూస్తే? తమ్ముడు చూస్తే? ఆ రెండో ఆలోచనకు తన ఒంట్లో పుట్టిన భయం చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. తమ్ముడంటే తనకు భయమెందుకు?

బిడ్డ బడికి పోయిన పూటల్లో ఆకు కత్తిరిస్తూ కొంచెం, దారం చుడుతూ కొంచెం చదివింది. చదవడం చాలా ఏళ్లయి మానేసింది కాబట్టి మాటమాటకూ వేలు పెట్టుకోవాల్సి వచ్చింది. కథ పెద్దదేమీ కాదు. పన్నెండేళ్ల పిల్ల. వాళ్లింటికి మేనమామ వచ్చినప్పుడల్లా వడ్ల గుమ్మి వెనక దాక్కుంటుంది. ఇంట్లో అందరికీ అదొక ఆట. తల్లి నవ్వుతూ రెక్క పట్టుకుని బయటికి లాగుతుంది. 'మామేమన్న దయ్యమా, మింగుతడా?' అంటుంది.

కల్పన అక్కడ ఆగిపోయింది. కత్తెర చేతిలోంచి జారి ఆకుల మీద పడింది.

సరిగ్గా ఆ మాటే. మొన్నటి బతుకమ్మ నాడు, మహిపాల్ బండి చప్పుడు వినగానే మేడ మెట్ల కింద దూరిన భాగ్యశ్రీని తాను లాక్కొచ్చి అన్న మాట. అప్పుడు వాకిలంతా నవ్వింది. మహిపాల్ కూడా నవ్వాడు. పిల్ల ఒక్కతే నవ్వలేదు.

మనసు ఊరుకోలేదు, కాదని తోసింది. కథ కథే, ఎవరో రాసింది. తను ఎత్తుకుని పెంచిన తమ్ముడు, చంటివాడిగా తన చీర చెంగు పట్టుకుని తిరిగిన తమ్ముడు. పుస్తకం మూసేసింది. మూసినా ఆగలేదు. ఆదివారమైతే చాలు, పిల్ల తెల్లారకముందే లెక్కలు చేయాలని రాధ వాళ్లింటికి పోయేది. పోవడం కుదరని నాడు మామ వెళ్లేదాకా స్నానానికి లేచేది కాదు. 'ఎంత బద్ధకమే నీకు' అని తాను తిట్టేది. పోయిన ఎండాకాలం అమ్మమ్మ దగ్గరికి సిరిసిల్ల పోదామంటే పిల్ల నోరు విప్పలేదు, వాంతులు చేసుకుంది. ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ తాగించింది.

ఒక్కొక్కటే వచ్చి ముందు కూర్చుంటున్నాయి. అన్నీ తన కళ్ల ముందు జరిగినవే.

సాయంత్రం భాగ్యశ్రీ బడి నుంచి వచ్చాక కల్పన తలుపు దగ్గరగా వేసి, పుస్తకం తీసి చాప మీద పెట్టింది. పిల్ల ముఖం తెల్లబోయింది.

"మేడం మూడుసార్లు ఇచ్చిన అని చెప్పింది. గన్నిసార్లు ఎందుకు తెచ్చుకున్నవ్ బిడ్డా?"

భాగ్యశ్రీ చాలాసేపు గోళ్లు గిల్లుకుంది. "అండ్ల పిల్ల ఆఖరుకు వాళ్లమ్మకు చెప్తది. ఎట్ల చెప్పిందో చూస్తందుకు."

"ఎందుకు చూసుడు?"

"నాకు రాలే. మోటు మాటలు లేకుంట ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వలే."

కల్పన పిల్ల దగ్గరికి జరిగింది. "నాకు చెప్పు బిడ్డా. ఎట్ల అస్తే అట్ల చెప్పు."

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే కల్పన తట్టుకోలేకపోయింది.

"నువ్వు సంతకం పెట్టినవ్ గదా అమ్మా."

తర్వాత పిల్ల చెప్పింది. కొంచెం చెప్పి ఆగింది, గోడవైపు తిరిగి మళ్లీ కొంచెం చెప్పింది. మాట దొరక్కపోతే పుస్తకం తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టింది. కల్పన ఆ వాక్యాన్ని చదివి, పిల్లను ఒళ్లోకి లాక్కుని, నోట్లో చీర చెంగు కుక్కుకుని ఏడ్చింది. పక్కింట్లో టీవీ మోగుతోంది.

సోమవారం బడిలో ఆ ఫిర్యాదు మీద మీటింగు. ఆదివారం మహిపాల్ వచ్చాడు. అప్పటికే కల్పన పిల్లను సరోజన ఇంటికి పంపేసింది. రాధతో కలిసి చదువుకుంటుందని, మీటింగు అయ్యేదాకా అక్కడే ఉంచుకొమ్మని సరోజనతో చెప్పింది. అతను చాప మీద కూర్చుని, ఆకులు కోసే కత్తెర చేతిలోకి తీసుకుని ఊరికే తెరుస్తూ మూస్తూ ఉన్నాడు.

"అక్కా, సంగీత మేడం ఇంటికచ్చిందట గదా."

"ఎవలు చెప్పిండ్రు?"

"గీ వాడల నాకు తెల్వకుంట ఏమైతది?" నవ్వాడు. "ఏమన్నది?"

"సంతకం ఎందుకు పెట్టినవన్నది. నా ఇష్టమన్న."

"గంతేనా?"

"గంతే."

కత్తెర ఆగింది. అతను ఆమె ముఖాన్ని కొంచెంసేపు చదివినట్టు చూశాడు. కల్పన తలవంచి దారం ముడి వేసింది. ముడి సరిగ్గా పడలేదు.

"మంగళవారం పిల్లను కొండగట్టుకు తీస్కపోత. గసొంటి పుస్తకాలు ముట్టనని అంజన్న ముంగట ఒట్టు పెట్టిస్త. తోవ తప్పిన పిల్లను దేవుడే దారికి తేవాలె."

"నేను గూడ అస్త."

"బండి మీద ముగ్గురం ఎట్ల పడుతమక్కా?" మెల్లగా అన్నాడు. "పొద్దుగాల పోయి మాపటీలికి అస్తం. అమ్మ గూడ ఒక మాట అన్నది. పది అయిపోంగనే పిల్లను మనింట్లనే, నాకిచ్చి చేసుకుంటే అయిపాయె అని. బావతోటి నేను మాట్లాడిన. ఊఁ అన్నడు."

అంత చుర్రుమనే మధ్యాహ్నపు ఎండలో కల్పనకు చలి వేసింది. పుస్తకం ఎందుకు పోవాలో ఆమెకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. పుస్తకం ఉంటే పిల్లకు మాట దొరుకుతుంది. అది లేకపోతే ఒట్టు ఉంటుంది, బండి ఉంటుంది, పది తర్వాత పసుపు కొమ్ము ఉంటుంది.

"మంచిది తమ్మీ" అంది. అంతకంటే పెద్ద అబద్ధం ఆమె తన జన్మలో ఆడలేదు.

సోమవారం బడి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు గోడవారగా. గేటు దగ్గర సిరిసిల్ల నుంచి వచ్చిన మహిపాల్ స్నేహితులు బండ్ల మీదే కూర్చుని ఉన్నారు. రాజమల్లు సార్ ఫిర్యాదు చదివాడు. చదువుతుంటే చెమట తుడుచుకున్నాడు.

ముందు సత్తయ్య లేచాడు. "నేను చదువుకున్నోన్ని గాదు. పిల్లలు పిల్లల్లెక్క ఉండాలె. వాళ్ల మనసుల భయం పెట్టొద్దు. గంతే నా అర్జు." అతని గొంతులో నిజం ఉంది. చాలామంది తలలూపారు.

సంగీత మేడం లేచి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. "సత్తయ్యన్నా, భయం పుస్తకం పెట్టదు. ఉన్న భయానికి పేరు పెడుతది. భయం లేని పిల్ల కథ చదివి పక్కన పెడుతది. ఉన్న పిల్ల..." మాట పూర్తి చేయనివ్వలేదు. వెనక నుంచి ఎవరో "మేడానికి మేనమామ లేడా?" అన్నారు. నవ్వులు లేచాయి. "బదిలీ చేయిండ్రి" అని ఒకరు, "గంత సుతారంగ ఎందుకు?" అని ఇంకొకరు.

మహిపాల్ చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. "తల్లి మాట్లాడుతది. ఇనుండ్రి. లే అక్కా."

కల్పన లేచింది. అంతమంది మగవాళ్ల ముందు ఆమె ఎప్పుడూ నోరు తెరవలేదు. రాజమల్లు సార్ బల్ల మీదున్న కాగితం దగ్గరికి నడిచి, దాని మీద చెయ్యి పెట్టింది.

"గీ సంతకం నాదే. చదువకుంట పెట్టిన. ఇప్పుడు చదివిన. నా సంతకం నేను వాపస్ తీస్కుంటున్న."

ఎవరికీ ఒక్కసారిగా అర్థం కాలేదు. మహిపాల్ నవ్వుతూనే దగ్గరికి వచ్చాడు. "మేడం ఇంటికచ్చి మా అక్క మతి ఖరాబు జేసింది సార్."

"ఎందుకు చెల్లె?" సత్తయ్య అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "అండ్ల మంచేమున్నది?"

కల్పన తమ్ముడి వైపు చూసింది. అతని నవ్వు ముఖం మీద అలాగే ఉంది, కళ్లు మాత్రం నవ్వడం లేదు.

"మా ఇంట్ల పిల్ల చెప్పలేకపోయిన మాట గీ పుస్తకం చెప్పింది అన్నా."

పేరు చెప్పలేదు. చెప్పే పని కూడా లేకపోయింది.  గోడవారన కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె చటుక్కున తలదించుకుంది, ఇంకొకామె తన పక్కనున్న బిడ్డ చెయ్యి పట్టుకుంది. మహిపాల్ అక్క భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంటికి పోదాం నడువక్కా. బిడ్డ యాడున్నది?"

ఆమె కాగితం మీది చెయ్యి తీయలేదు.

"భాగ్య యాడున్నదంటున్న." మొదటిసారి గొంతు మారింది.

కల్పన భుజం విదిలించుకుంది. అతను ఒకసారి చుట్టూ చూసి, గేటు వైపు పెద్ద పెద్ద అంగలు వేశాడు. బండ్లన్నీ ఒక్కసారి స్టార్టయ్యాయి. సత్తయ్యకు ఆ క్షణంలో ఏం తట్టిందో, ఎవరితో ఒక్క మాట అనకుండా పరుగెత్తి ఆటో తీశాడు. "ఎక్కు చెల్లె. మేడం, నువ్వు గూడ ఎక్కు."

బండ్లు కల్పన ఇంటి వైపు పోతే, ఆటో సందుల్లోంచి సత్తయ్య ఇంటికి పోయింది. పిల్లలిద్దరూ వంటింట్లో అటుకులు తింటున్నారు. సరోజన తలుపులు మూసి గొళ్లెం పెట్టింది. కాసేపటికి బండ్ల చప్పుడు ఆ సందులోకి కూడా వచ్చింది. ఒకటి ఇంటి ముందే ఆగింది, ఇంజను మాత్రం ఆపలేదు.  సత్తయ్య తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. భాగ్యశ్రీ తల్లి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజు చిట్లి కల్పన మణికట్టు కోసుకుంది. చాలాసేపటికి ఆ చప్పుడు మెల్లగా దూరమైంది.

మర్నాడు కొండగట్టుకు కాదు, జగిత్యాలకు పోయారు. సంగీత మేడం తోడుంది. ఆడపిల్లల కేసులు చూసే ఒక పెద్దావిడ పిల్లను లోపలికి పిలిచి, నీళ్లిచ్చి, తొందరేమీ లేదంది. భాగ్యశ్రీ చెప్పగలిగింది. పోక్సో కేసు అయింది.

మహిపాల్ సిరిసిల్లలో దొరకలేదు. బొంబాయి దిక్కు భీవండి పోయాడని కొందరు, లేదు ఇక్కడే ఎక్కడో ఉన్నాడని కొందరు అన్నారు. తల్లి లింగవ్వ ఫోన్ చేసి, "ఒక్క కడుపుల పుట్టినోన్ని జైలుకు పంపుతవానే? నీ గడప తొక్క" అని శాపనార్థాలు పెట్టింది. దేవేందర్ చాలా రోజులు ఫోన్ ఎత్తలేదు. ఎత్తిన రోజు, "నాకు ముందుగాల చెప్పొద్దా?" అన్నాడు. "నువ్వు పెట్టుమన్నవ్, నేను పెట్టిన. ఇద్దరం చదువలే" అంది కల్పన. అవతల నుంచి ఏడుపు వినబడింది. దానికి ఆమె దగ్గర ఓదార్పు లేదు.

పుస్తకం గెలిచిందా అంటే, లేదు. కల్పన సంతకం పోయినా వేరే సంతకాలతో ఇంకో కాగితం వెళ్లింది. సంగీత మేడానికి కొడిమ్యాల దిక్కు బడికి బదిలీ వచ్చింది. ఎరువుల సంచి రాజమల్లు సార్ గదిలోనే ఉండిపోయింది. ఒక్క సత్తయ్య మాత్రం కల్పన దగ్గరున్న పుస్తకాన్ని అడిగి తీసుకుపోయాడు. రాధతో చదివించుకుని, చాలా రోజుల తర్వాత తిరిగిచ్చాడు. వాడలో మాత్రం, నలుగురు కూర్చున్నచోట కల్పన వస్తే మాట ఆగిపోయేది. గుర్తు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వచ్చేవి. ఎత్తితే ఎవరూ మాట్లాడేవారు కాదు. ఊపిరి మాత్రం వినబడేది.

జూన్‌లో బడి తెరిచాక ఆమె ఒక్కతే రాజమల్లు సార్ దగ్గరికి పోయింది.

"సార్, గా సంచిల పుస్తకాలు మళ్ల బీరువల పెట్టిండ్రి."

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు గూడ పెట్టాలనే ఉన్నదమ్మా. కానీ ఎవలో ఒకలు అడగాలె. రాసియ్యాలె. అందరు భయపడుతున్నరు."

"నేను రాసిస్త. నా పేరు మీదనే పెట్టిండ్రి."

కాగితం ఇచ్చాడు. ఈసారి ఆమె తాను రాసిన ప్రతి అక్షరాన్నీ రెండుసార్లు చదువుకుని కింద పేరు పెట్టింది. సార్ ఆ కాగితాన్ని సొరుగులో పెట్టాడు. సంచి వైపు చూశాడు గానీ ముడి విప్పలేదు. "చూద్దామమ్మా" అన్నాడు.

గేటు బయట ఒక కొత్త మనిషి బండి మీద కాలు ఆనించుకుని ఉన్నాడు. ఆమెను చూసి నిదానంగా అడిగాడు.

"మహిపాల్ అక్కవు నువ్వేనా?"

"భాగ్యశ్రీ తల్లిని" అంది కల్పన.

 ఆమె ఆగకుండా నడిచింది. వెనక బండి స్టార్టయిన చప్పుడు వినబడింది. అది ముందుకు దాటిపోలేదు, ఆమె నడక వేగంతోనే వెనకాల వస్తోంది. ఎదురుగా బడికి పోయే ఆడపిల్లలు గుంపుగా నవ్వుకుంటూ వస్తున్నారు. కల్పన చెంగు నడుముకు దోపుకుని, బండికి దారి ఇవ్వకుండా రోడ్డు మధ్యగా నడవసాగింది.